అయిదేళ్ల కుర్చీ, అయిదు తరగతుల బడి

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతి పరీక్షలు రాసి బయటికి రావడానికి అయిదేళ్లు పడుతుంది. ఆ బడిలో హెచ్చెమ్ (ప్రధానోపాధ్యాయుడు) గరిష్ఠంగా ఉండగలిగేదీ అయిదేళ్లే. టీచరుకు ఎనిమిదేళ్లు, హెచ్చెమ్‌కు అయిదేళ్లు నిండితే బదిలీ తప్పనిసరి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తున్న లెక్క ఇది. ఆంధ్రప్రదేశ్ అయితే 2025లో దీన్ని చట్టంలోనే రాసేసింది. కాగితం మీద చూస్తే ఒక హెచ్చెమ్‌కు ఒక బ్యాచిని మొదటి నుంచి చివరిదాకా చూసే వీలుంది. ఒకే ఒక్క బ్యాచిని. ఆచరణలో ఆ ఒక్కటీ చాలామందికి దక్కదు.

హైస్కూలు హెచ్చెమ్ చేసే అసలు పని ఫలితం మూడో ఏడాదికి గానీ బయటపడదని నా నమ్మకం. మనం మాత్రం ఆ మనిషిని ఆలస్యంగా కుర్చీలో కూర్చోబెడుతున్నాం, తొందరగా లేపేస్తున్నాం, మధ్యలో మిగిలిన కాలాన్ని బిల్లులకూ యాప్‌లకూ రాసిచ్చేశాం. పదవీ విరమణ సభల్లో 'సుదీర్ఘకాలం ప్రధానోపాధ్యాయులుగా సేవలందించి' అని శాలువా కప్పుతుంటారు గదా, ఆ సుదీర్ఘకాలాన్ని విప్పి చూడండి. రెండు మూడు బళ్లు, ఒకచోట ఇన్‌ఛార్జి, ఇంకోచోట పక్క మండలం ఎంఈవోగా, అంటే మండల విద్యాధికారిగా, పూర్తి అదనపు బాధ్యతలు. అందులో ఏ ఒక్క బడీ ఆయనది అనడానికి సరిపోయేంత కాలం ఉండదు.

ముందు ఆ కుర్చీ దాకా వచ్చే దారి. డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) రాసి ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా, చేరినవాళ్లు స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్లో సబ్జెక్టు టీచరు, కావాలి. ఆ ఖాళీల్లో 70 శాతం పదోన్నతులకు, 30 శాతం నేరుగా భర్తీకి. స్కూల్ అసిస్టెంట్ల సీనియారిటీ జాబితాలో పైకి జరుగుతూ జరుగుతూ వస్తే గెజిటెడ్ హెచ్చెమ్ గ్రేడ్-2, అదే హైస్కూలు హెచ్చెమ్ కుర్చీ. దానికి శాఖాపరమైన పరీక్షలు పాసై ఉండాలి. గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు రెండు పేపర్లు, కోడ్ 88, 97. ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల అకౌంట్ టెస్టు, కోడ్ 141. స్టాఫ్ రూముల్లో 'జీవోటీ, ఈవో అయిపోయాయా?' అని అడిగేది వీటి గురించే. వాటిలో వచ్చేవి ప్రధానంగా చట్టాలు, సర్వీసు నిబంధనలు, ఖాతాలు. బడిలో హెచ్చెమ్ పొద్దున్నే ఎదుర్కొనే మొదటి సమస్య, ఇవాళ సెలవు పెట్టిన లెక్కల టీచరు పీరియడ్లకు ఎవరిని పంపాలన్నది, ఏ పేపర్లోనూ ఉండదు.

వయసు లెక్క చూద్దాం. ఇరవయ్యారేళ్లకు ఎస్జీటీగా చేరినవారు నలభై దరిదాపుల్లో స్కూల్ అసిస్టెంట్ అయి, యాభై దాటాక హెచ్చెమ్ కావడం మామూలుగా కనిపించే వరస. దీనికి తోడు పదవీ విరమణ వయసు మారినప్పుడల్లా వరస ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెంచారు. తెలంగాణలో 2021లో 58 నుంచి 61కి. రెండేళ్లు పెంచితే దాదాపు రెండేళ్లపాటు విరమణలు ఉండవు, ఖాళీలు ఉండవు, కిందివాళ్లు ఎక్కడివాళ్లక్కడే. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం 58ని 55 చేసినప్పుడు జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. పైవాళ్లు ఒక్కసారిగా దిగిపోయారు, కింద ఉన్నవాళ్లకు కుర్చీలు తొందరగా అందాయి. ప్రభుత్వ బళ్ల టీచర్లకూ పంచాయతీరాజ్ బళ్ల టీచర్లకూ పదోన్నతులు ఒకే నిబంధనల కింద ఇవ్వాలా అన్న ఉమ్మడి సర్వీసు నిబంధనల గొడవ కోర్టుల్లో తిరిగిన ఏళ్లు వీటికి అదనం.

ఇంకో సంగతి బయటివాళ్లకు తెలియదు. చాలామంది సమర్థులైన స్కూల్ అసిస్టెంట్లు హెచ్చెమ్ పదోన్నతి వద్దని రాసిచ్చేస్తారు. కారణం డబ్బూ దూరమూ. స్కూల్ అసిస్టెంటుగా ఒకే పోస్టులో 12 ఏళ్లు నిండి శాఖాపరమైన పరీక్షలు పాసై ఉంటే పై పోస్టు స్కేలు ముందే చేతికొస్తుంది. అసలు ఆ పరీక్షలు రాసేవాళ్లలో సగం మంది దానికోసమే రాస్తారంటే అతిశయోక్తి కాదు. ఆ తర్వాత హెచ్చెమ్ అయినందుకు పెరిగేది నామమాత్రం. స్కూల్ అసిస్టెంట్ సీనియారిటీ జిల్లా స్థాయిది, హెచ్చెమ్‌ది ఆంధ్రలో జోన్, తెలంగాణలో మల్టీజోన్ స్థాయిది, రెండూ కొన్ని జిల్లాలు కలిసినవే. అంటే పదోన్నతితో పాటు జిల్లా దాటి వెళ్లాల్సి రావచ్చు. పిల్లల చదువులు ఒక ఊళ్లో, ముసలి తల్లిదండ్రులు ఇంకో ఊళ్లో ఉన్న యాభై మూడేళ్ల టీచరమ్మ, చేతికొచ్చే నాలుగు రాళ్ల కోసం నూట యాభై కిలోమీటర్లు ఎందుకు వెళ్తుంది? వెళ్లదు. ఆ విధంగా హెచ్చెమ్ కావాల్సినవాళ్లలో కొందరు వడపోతలో ముందే పోతారు. వాళ్లు పనికిరానివాళ్లు కాదు, లెక్క తెలిసినవాళ్లు.

సరే, కుర్చీ దక్కింది. మొదటి రోజు పని ఛార్జి తీసుకోవడం. ఇది సంతకం పెట్టి దండ వేయించుకునే కార్యక్రమం కాదు. క్యాష్ బుక్ చివరి నిల్వకూ బ్యాంకు పాస్‌బుక్ నిల్వకూ పొంతన ఉండాలి. లేకపోతే తేడా ఏ చెక్కు వల్ల వచ్చిందో రాయించుకోవాలి. టీసీ పుస్తకంలో ఏ నంబరు దాకా వాడారో, మధ్యలో ఏదైనా కాయితం చిరిగిందా, రద్దు చేసిన టీసీ ఆ పుస్తకంలోనే అతికించి ఉందా చూసుకోవాలి. అడ్మిషన్ రిజిస్టర్లు బడి పుట్టినప్పటి నుంచీ ఎన్ని సంపుటాలున్నాయో లెక్కబెట్టాలి. పాత సంపుటాలు చెదలు పట్టి ఉంటే ఆ మాట కూడా రాయించుకోవాలి. ఎందుకంటే నలభై ఏళ్ల కిందట చదివినాయన పుట్టిన తేదీ ధ్రువపత్రం కోసం వచ్చేది మీ దగ్గరికే. స్టాఫ్ సర్వీసు రిజిస్టర్లు, స్టాకు రిజిస్టర్లు, ల్యాబ్ సామాను, కంప్యూటర్లు, ట్యాబులు. చివరికి బియ్యం.

బియ్యం దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. మధ్యాహ్న భోజనానికి ఆరో తరగతి నుంచి పైకి పిల్లకు పూటకు 150 గ్రాములు. 180 మంది తింటే 27 కిలోలు. మొదటి పీరియడ్లో హాజరు 180 అని యాప్‌లో ఎక్కుతుంది. మధ్యాహ్నం తినేవాళ్లు 160 ఉంటారు, కొందరు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటారు. ఖర్చు 180కే రాస్తే గదిలో బియ్యం మిగులుతుంది, రాసినదానికంటే ఎక్కువ వండితే తరుగుతుంది. రోజుకు మూడు కిలోల తేడా 220 పనిదినాల్లో 660 కిలోలు. కొత్త హెచ్చెమ్ బస్తాలు తూకం వేయించకుండా రిజిస్టర్ అంకె చూసి సంతకం పెట్టాడా, ఆ 660 కిలోలూ ఆయన మెడకే. రిటైరయ్యే నాటికి 'బకాయిలు లేవు' పత్రం దగ్గర ఆడిట్ అభ్యంతరం తేలితే ఆగేది ఆయన పింఛను ప్రయోజనాలు. తూకం వేయమంటే పాతాయన మొహం మాడ్చుకుంటాడన్న మొహమాటంతో వదిలేసేవాళ్లు బోలెడు.

ఛార్జి అయ్యాక టైమ్ టేబుల్. హెచ్చెమ్ చేతిలో ఉన్న నిజమైన అధికారం ఇదొక్కటే అంటాను. టీచర్ను సస్పెండ్ చేయలేడు, నియమించుకోలేడు, క్యాజువల్ లీవు మంజూరు చేయగలడు, మెమో ఇవ్వగలడు, పైకి రాయగలడు. అంతే. కానీ ఏ టీచరు ఏ తరగతికి వెళ్లాలో నిర్ణయించేది ఆయనే.

అయిదు సెక్షన్ల బడి తీసుకుందాం, ఆరు నుంచి పది దాకా తరగతికొకటి. రోజుకు 8 పీరియడ్లు, వారానికి ఆరు రోజులు, సెక్షనుకు 48, మొత్తం 240. సెక్షనుకు తెలుగు 7, ఇంగ్లిషు 7, హిందీ 5, లెక్కలు 8, సైన్సు 8, సోషల్ 6 వేస్తే 41. మిగతా 7 ఆటలు, డ్రాయింగ్, లైబ్రరీ, స్టడీ అవర్. సబ్జెక్టుకు ఒక్కరే టీచరుంటే తెలుగు, ఇంగ్లిషు వాళ్లకు చెరి 35, సోషల్‌కు 30, హిందీకి 25 పడతాయి. లెక్కల సారుకు 40 పడాలి, మోయలేడు. అందుకని ఆరు, ఏడు తరగతుల లెక్కలు ఫిజికల్ సైన్సు (పీఎస్) టీచరుకూ, ఆ రెండు తరగతుల సైన్సు మొత్తం బయాలజీ (బీఎస్) టీచరుకూ ఇచ్చేస్తారు, పై మూడు తరగతుల సైన్సు ఇద్దరికీ చెరిసగం. అప్పుడు లెక్కలు 24, పీఎస్ 28, బీఎస్ 28. చూడ్డానికి చక్కగా కుదిరింది.

కుదిరిన చోటే చిక్కుంది. ఆరో తరగతి లెక్కల్లో భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు ఉంటాయి. పదో తరగతి బీజగణితం నిలబడేది వాటి మీద. ఆ తరగతిని లెక్కల సారు చేతిలోంచి తీసేసి, తన సబ్జెక్టు తర్వాతే లెక్కలు చూసే టీచరు చేతిలో పెట్టాం. దీనికి మందు ఉంది. ఆరో తరగతి లెక్కలు మళ్లీ లెక్కల సారుకే ఇస్తే ఆయనకు 32, పీఎస్ టీచరుకు 20. ఆ మిగిలిన పీరియడ్లలో పీఎస్ టీచరుకు ల్యాబ్ అప్పగించవచ్చు, వెనకబడ్డవాళ్ల గుంపును ఇవ్వవచ్చు. కానీ ఈ మార్పు ఫలితం నాలుగైదేళ్లకు గానీ పదో తరగతి మార్కుల మెమోల మీద కనబడదు. ఏప్రిల్‌లో పదో తరగతి శాతం అడుగుతారని, తాను వచ్చే ఏడాదికి ఇక్కడ ఉంటానో లేదోనని తెలిసిన హెచ్చెమ్ ఏం చేస్తాడు? లెక్కల సారు పీరియడ్లు తగ్గించి, ఆయన్ను పొద్దునా సాయంత్రమూ పదో తరగతి స్పెషల్ క్లాసులకు వాడుకుంటాడు. ఆయన్ను తప్పు పట్టలేం. మనం ఆయన్ని కొలిచే కర్ర పొడవు ఒక ఏడాదే.

టైమ్ టేబుల్ వేసేటప్పుడు ముందుగా కదిలించలేనివాళ్లను కూర్చోబెట్టాలి. పని సర్దుబాటు మీద పక్క బడి నుంచి వారానికి మూడు రోజులు వచ్చే హిందీ టీచరు ఉంటే ఆమె పీరియడ్లు ముందు. తర్వాత ఎక్కువ పీరియడ్లున్న తెలుగు, ఇంగ్లిషు. ఆ తర్వాత లెక్కలు, భోజనం తర్వాతి పీరియడ్ తప్పించి. ల్యాబ్ కోసం వారానికోసారి వరసగా రెండు పీరియడ్లు. ఏ టీచరుకూ నాలుగు వరసగా పడకూడదు. తరగతులవారీ పట్టిక పూర్తయ్యాక టీచర్లవారీ పట్టిక వేరుగా రాస్తేనే ఒకే పీరియడ్‌కు ఒకే మనిషి రెండు చోట్ల పడ్డ తప్పు దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాడుకోవచ్చు. ఏ టీచరుకు ఏ తరగతిలో పిల్లలు లొంగుతారో మాత్రం వాటికి తెలియదు.

ఇంత కష్టపడి వేసిన పట్టిక రోజూ చెదిరిపోతుంది. టీచరుకు ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, 7 స్పెషల్ క్యాజువల్ లీవులు, మహిళలకు ఇంకో 5. పై బడిలో ఏడుగురు సబ్జెక్టు టీచర్లు తలా 22 వాడుకున్నా 154 రోజులు. 220 పనిదినాల్లో చూస్తే, ఒకే రోజు ఇద్దరు పెట్టకపోతే, పది రోజుల్లో ఏడు రోజులు ఎవరో ఒకరు లేనట్టే. శిక్షణలు, ఓటర్ల జాబితా పని, జనగణన, మెడికల్ లీవులు దీనిలో కలపలేదు. సెలవు హక్కే, దాన్ని కాదనడం లేదు. ప్రశ్నల్లా ఆ ఖాళీ పీరియడ్‌ను ఏం చేస్తున్నామన్నది.

మామూలుగా జరిగేది: ఆ పీరియడ్ లీజర్ (ఖాళీ) ఉన్న టీచరును తరగతికి పంపుతారు. సోషల్ టీచరు వెళ్లి 'చప్పుడు చేయకుండా చదువుకోండి' అని కుర్చీలో కూర్చుంటారు. మంచి హెచ్చెమ్ చేసేది వేరు. లీజర్ ఎవరికుందని కాకుండా, ఆ తరగతికే పాఠం చెప్పే టీచర్లలో ఎవరికి లీజర్ ఉందని చూస్తాడు. ఆ టీచరు తన పాఠమే ముందుకు తీసుకుపోతుంది. సెలవు నుంచి వచ్చిన టీచరుకు ఆ పీరియడ్ తర్వాత తిరిగి ఇప్పిస్తాడు. ఎవరు ఎవరికి ఎన్ని బాకీ ఉన్నారో సర్దుబాటు రిజిస్టర్లో ఒక గడి పెడితే సరిపోతుంది. మొదట్లో స్టాఫ్ సణుగుతారు. రెండు నెలలకు తమ సిలబస్ వెనకబడటం లేదని అర్థమై వాళ్లే అడిగి రాయించుకుంటారు. ఇలాంటి అలవాటు బడికి పట్టడానికి ఒక ఏడాది, హెచ్చెమ్ సెలవులో ఉన్నా నడవడానికి ఇంకో ఏడాది పడుతుంది.

తరగతి పరిశీలన సంగతి. వెనక బెంచీలో కూర్చుని ఫారంలో టిక్కులు పెట్టే పరిశీలన వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. హెచ్చెమ్ వచ్చాడంటే ఆ నలభై నిమిషాలూ పాఠం పండగలా సాగుతుంది. దానికంటే నోటు పుస్తకాలు నిజం చెబుతాయి. ఒక తరగతి నుంచి ఆరు పుస్తకాలు తెప్పించుకోవాలి, బాగా చదివేవాళ్లవి రెండు, నడిమివి రెండు, హాజరు తక్కువున్నవాళ్లవి రెండు. ముందు తేదీలు చూడాలి. పాఠాల మధ్య పది రోజుల ఖాళీ ఉందంటే అక్కడ ఏదో జరిగింది. తర్వాత ఎర్ర సిరా. తప్పు జవాబు మీద కూడా టిక్కు ఉంటే దిద్దలేదు, గీశారంతే. తప్పుకు సున్నా చుట్టి ఉంటే అదే తప్పు తర్వాతి వారం పేజీలో మళ్లీ వచ్చిందా చూడాలి. వచ్చిందంటే పిల్ల ఆ ఎర్ర గుర్తు చూడలేదు, లేదా చూసినా ఏం చేయాలో తెలియలేదు. ఆరు పుస్తకాల్లోనూ జవాబులు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే అవి బోర్డు మీదినుంచో గైడులోంచో దిగినవి. ఇవన్నీ పావుగంట పని. టీచరును పిలిచి చెప్పేటప్పుడు పిల్ల పుస్తకం తెరిచి చూపిస్తే వాదన ఉండదు, చిన్నబుచ్చుకోవడమూ తక్కువే.

ఆ పావుగంట దొరకదు, అదీ అసలు బాధ. హైస్కూలు హెచ్చెమ్ జీతాల బిల్లులు పెట్టే డ్రాయింగ్ అధికారి కూడా. నెల 20, 25 తేదీల మధ్య పే బిల్లు. దాంతోపాటు ఇంక్రిమెంట్లు, ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్లు నిండినందుకు ఇచ్చే స్కేళ్లు, పీఆర్సీ (వేతన సవరణ) ఫిక్సేషన్లు, డీఏ (కరువు భత్యం) బకాయిలు. 2004 సెప్టెంబరు ఒకటి నుంచి చేరినవాళ్లకు సీపీఎస్ (కొత్త పింఛను పథకం) కోత 10 శాతం, ముందువాళ్లకు పీఎఫ్. మూడు నెలలకోసారి ఆదాయపు పన్ను టీడీఎస్ రిటర్ను, అందులో ఒక పాన్ నంబరు తప్పుపడితే నోటీసు హెచ్చెమ్ పేరునే. జూనియర్ అసిస్టెంట్ ఉన్న బడి అదృష్టం చేసుకున్నట్టే. లేనిచోట్ల కంప్యూటర్ తెలిసిన ఒక టీచరును ఆఫీసులో కూర్చోబెడతారు, అంటే ఒక తరగతి ఖాళీ. ప్రాథమిక పాఠశాలల టీచర్ల జీతాలన్నీ మండలంలో ఎంఈవో కార్యాలయం ఒక్కటే వేస్తుంటే, హైస్కూళ్లకు మాత్రం బడికొక డ్రాయింగ్ అధికారి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

యాప్‌ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పిల్లల హాజరు, టీచర్ల ముఖ గుర్తింపు హాజరు, భోజనం, గుడ్లు, యూడైస్ (బడి వివరాలు), అపార్ (పిల్లల గుర్తింపు సంఖ్య). ఒక దశలో ఆంధ్రలో మరుగుదొడ్ల ఫోటోలు కూడా తీసి పంపారు. వీటిలో కొన్ని అవసరమే. కానీ ఒకే అంకె, 'ఎంతమంది వచ్చారు' అన్నది, మూడు చోట్ల మూడు రకాలుగా ఎక్కించాల్సి వచ్చినప్పుడు అది సమాచారం కాదు, చాకిరీ. వాట్సాప్ గ్రూపులో 'మోస్ట్ అర్జెంట్' అని పడే ప్రొఫార్మాల్లో అర్జెంటు ఎవరికో పంపినవాళ్లకూ తెలియదు. దీని పైన పక్క మండలం ఎంఈవో అదనపు బాధ్యత కూడా పడితే ఆ హెచ్చెమ్ సొంత బడి సీనియర్ స్కూల్ అసిస్టెంట్ మీద నడుస్తుంది.

పదో తరగతి నామినల్ రోల్సు, అంటే పరీక్ష రాసేవాళ్ల వివరాల జాబితా, దగ్గర కాస్త ఆగుతాను. అయిదేళ్ల లెక్క ఎంత ముఖ్యమో అక్కడ కళ్లకు కడుతుంది. పరీక్ష ఫీజు కట్టడంతోపాటు ప్రతి పిల్ల ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, కులం, మీడియం, రెండు పుట్టుమచ్చలు బోర్డుకు వెళ్తాయి. పదో తరగతి మెమోలో పడ్డ పుట్టిన తేదీయే జీవితాంతం రుజువు, ఉద్యోగానికీ పాస్‌పోర్టుకూ కూడా. పద్ధతిగా చేసేచోట మూడు కాగితాలు పక్కపక్కన పెడతారు: అడ్మిషన్ రిజిస్టర్, ప్రాథమిక బడి ఇచ్చిన రికార్డ్ షీటు, ఆధార్. ఒకరు చదువుతారు, ఒకరు స్క్రీన్ చూస్తారు, పిల్ల ఎదురుగా నిలబడుతుంది. ఆఖర్న పిల్లా తల్లో తండ్రో సంతకం. దొర్లే తప్పులు ఎప్పుడూ అవే. 06-10ని 10-06 అని తిప్పేయడం. 'సాయికుమార్' ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి. ఇంగ్లిషులో లక్ష్మి పేరులోని 'క్ష్మి'కి ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగు. తల్లి పేరు దగ్గర పుట్టింటి ఇంటిపేరు. ఇద్దరన్నదమ్ములకు అయిదు నెలల తేడాతో పుట్టిన తేదీలు, బడిలో వేసేందుకు వయసు సర్దినప్పుడు పడ్డవి.

ఈ తప్పుల్లో చాలావాటికి వేరు నామినల్ రోల్సులో ఉండదు, ఆరో తరగతి అడ్మిషన్ రోజున ఉంటుంది. జూన్ రద్దీలో ఎవరో రిజిస్టర్లో హడావిడిగా రాసేశారు, అంకెల్లో రాసిన తేదీని అక్షరాల్లో రాయకుండా వదిలేశారు. అయిదో ఏడాది డిసెంబరులో అది ఇంకో హెచ్చెమ్ చేతిలో పేలుతుంది. అప్పుడు రిజిస్టర్ దిద్దడానికి వీల్లేదు, దిద్దకపోతే పిల్ల ఆధార్‌తో కలవదు. మెమో వచ్చాక సవరణ కావాలంటే హెచ్చెమ్, డీఈవో (జిల్లా విద్యాధికారి), పరీక్షల విభాగం దాకా ఫైలు నడవాలి, అసలు అడ్మిషన్ రిజిస్టర్ పట్టుకుని. ఆరో తరగతిలో చేర్చుకున్నవాడే పదో తరగతిలో పంపేవాడైతే ఆ జూన్ నెలలో రిజిస్టర్ ఎలా రాస్తాడో ఊహించండి.

చదువు సంగతీ ఇంతే. విద్యా హక్కు చట్టం వచ్చాక ఎనిమిది దాకా పిల్లల్ని ఆపే ప్రసక్తి లేకుండా పైకి పంపడమే మనకు అలవాటైంది. దానివల్ల రెండో తరగతి వాచకం తడబడుతూ చదివే పిల్ల తొమ్మిదిలో జీవశాస్త్రం పేజీ ముందు కూర్చుంటుంది. ఆరో తరగతిలో చేరిన వారంలోనే ఒక పేజీ చదివించి, అయిదు వాక్యాలు చెప్పి రాయించి, మూడంకెల తీసివేత, ఒక భాగహారం ఇస్తే ఎవరెక్కడున్నారో తేలిపోతుంది. అరవైమందికి రెండు రోజుల పని. ఆ జాబితాను బట్టి మొదటి మూడు నెలలు రోజుకొక పీరియడ్ ఆ గుంపుకు ఇస్తే చాలామంది గట్టెక్కుతారు. చేయకపోతే ఇదే గుంపు నాలుగేళ్ల తర్వాత పదో తరగతిలో వెనకబడ్డవాళ్ల 'సీ గ్రూపు' పేరుతో తేలుతుంది. అప్పుడు వంద రోజుల ప్రణాళిక, టీచర్ల దత్తత, 35 మార్కులకు సరిపడా పది ప్రశ్నల మెటీరియల్. పాసవుతారు. ఇంటర్‌లో చేరి మొదటి ఏడాదే మానేస్తారు, ఆ లెక్క హైస్కూలు ఖాతాలో ఎవరూ రాయరు.

హాజరు కూడా ఊరు తెలిసినవాడికే అర్థమవుతుంది. కర్నూలు పశ్చిమాన కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ల నుంచి పత్తి తీతకు, తర్వాత మిరప కోతకు గుంటూరు వైపు కుటుంబాలు కదిలిపోతాయి. మిరప కోతలు సాగే కాలమే పదో తరగతి చివరి రివిజన్ కాలం. వలస వెళ్లేవాళ్ల పిల్లలు ఉండేందుకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి గానీ, తల్లిదండ్రులు బండెక్కకముందే ఏ పిల్లను ఆపాలో తెలియాలి. కొత్తగా వచ్చిన హెచ్చెమ్‌కు ఆ సంగతి రిజిస్టర్లో ఖాళీలు పడ్డాక తెలుస్తుంది. రెండో ఏడాది అక్టోబరులోనే కూలీలను తీసుకుపోయే మేస్త్రీలు ఎప్పుడొస్తారో కనుక్కుంటాడు. మూడో ఏడాది తల్లులే వచ్చి 'మా పిల్లనుంచుకోండి సారూ' అని అడుగుతారు. ఆడపిల్ల తొమ్మిదిలో వరసగా మూడు రోజులు రాలేదంటే పెళ్లి మాట నడుస్తోందేమో అన్న అనుమానం కూడా ఆ ఊళ్లో కొన్నాళ్లు ఉన్నవాడికే వస్తుంది.

ఎక్కువకాలం ఒకేచోట ఉంటే ముప్పు లేదా అంటే, ఉంది. బడిని సొంత జాగీరు చేసుకున్న హెచ్చెమ్‌లు ఉన్నారు. వంట ఏజెన్సీ తనవాళ్లకే, మరమ్మతు పనులు తనకు నచ్చిన మేస్త్రీకే, మంచి తరగతులు తన మాట వినే టీచర్లకే. స్థానిక నాయకుడి అండ ఉంటే ఇక కదిలించేవాడు లేడు. అయిదేళ్ల నిబంధన దీనికి విరుగుడుగా వచ్చిందంటే ఒప్పుకుంటాను. బదిలీల్లో పాయింట్లు ఎక్కువిచ్చినా నాలుగో కేటగిరీ ఊళ్లకు, అంటే మారుమూల ఊళ్లకు, ఎవరూ ఇష్టపడి పోరన్నదీ నిజం, అక్కడ ఎనిమిదేళ్లు ఉండమంటే శిక్షలా ఉంటుంది. కానీ చెడ్డవాణ్ని అయిదేళ్లు భరించి, మంచివాణ్ని అయిదేళ్లకే పంపేసే నిబంధన ఇద్దరి విషయంలోనూ తప్పే. చెడ్డవాడికి అయిదేళ్లు ఎక్కువ.

కేంద్రీయ విద్యాలయాల్లో ప్రిన్సిపాల్ పోస్టులు కొన్ని పరీక్ష పెట్టి నేరుగా నింపుతారు. నలభై ఏళ్లవాళ్లు ప్రిన్సిపాళ్లు కావడం అక్కడ వింత కాదు. మన జిల్లా పరిషత్ బళ్లలో అలా చేయమంటే సీనియారిటీ పోతుందని సంఘాలు లేస్తాయి, ఆ భయంలో న్యాయం ఉంది. అందుకే నేను అడిగేది చిన్నది. స్కూల్ అసిస్టెంట్లలోంచే, పదేళ్ల సర్వీసు నిండినవాళ్లకు నాలుగోవంతు పోస్టులు పరీక్ష ద్వారా ఇవ్వండి. పరీక్షలో ఒక బడి స్టాఫ్ జాబితా ఇచ్చి టైమ్ టేబుల్ వేయమనండి, ఆరు నోటు పుస్తకాలు ఇచ్చి నివేదిక రాయమనండి. హెచ్చెమ్‌కూ టీచరులాగే ఎనిమిదేళ్లు ఇచ్చి, నాలుగో ఏట ఖాతాలూ ఆరో తరగతి మొదటి జాబితాలూ ముందు పెట్టుకుని సమీక్ష చేయండి. నిలవనివాణ్ని అక్కడే కదిలించండి. జీతాల బిల్లులు మండలానికో డివిజనుకో ఒకచోట చేర్చండి. ఇన్‌ఛార్జి ఎంఈవో పని హెచ్చెమ్‌ల నెత్తిన వేయడం ఆపండి. ఛార్జి జాబితాలో బియ్యం, బెంచీల పక్కన చదవలేని పిల్లల పేర్లు, వలస వెళ్లే కుటుంబాల పేర్లు కూడా రాసి సంతకం పెట్టించుకోండి.

ఇవన్నీ ఒకేసారి కావనుకుంటే, ఖర్చు తక్కువున్నది ఒకటుంది. తమిళనాడులో విద్యా సంవత్సరం మధ్యలో విరమణ వయసు వచ్చిన టీచర్లను ఆ ఏడాది ఆఖరుదాకా తిరిగి నియమించుకునే పద్ధతి ఉంది. మన దగ్గర పుట్టిన నెలాఖరుతో సరి. నవంబరు 30న హెచ్చెమ్ రిటైరైతే నామినల్ రోల్సు సగంలో ఉంటాయి, స్పెషల్ క్లాసులు అప్పుడే మొదలై ఉంటాయి. డిసెంబరు ఒకటిన ఇన్‌ఛార్జిగా కూర్చునేది మామూలుగా బడిలోకెల్లా సీనియర్ స్కూల్ అసిస్టెంట్. పదో తరగతికి లెక్కలు చెబుతున్నది కూడా ఆయనే అయితే, ఆ పీరియడ్లు ఇక సర్దుబాటు రిజిస్టర్లోకి ఎక్కుతాయి.